నాన్న సభ వీడియో

అక్కా,

నాన్న సంతాప సభ వీడియో పంపమని మళ్లీ అడిగావు. పంపలేను, కోపం తెచ్చుకోకు.

యూనివర్సిటీలో సాహిత్యం చదివి యాంకర్‌నయ్యాను కదా, మైకు నన్నే పట్టుకోమన్నారు. అందరం లేచి మౌనం పాటించాం. అది ముగియగానే నా నోరు దానంతటదే, "నాన్నగారి కోసం ఒక్కసారి గట్టిగా చప్పట్లు" అనేసింది. ఎవరైనా ఆపుతారనుకున్నాను. హాలంతా మోగిపోయింది. ఇన్నేళ్లుగా ప్రతి ఫంక్షన్‌లోనూ జనానికి ఆ అలవాటు చేసింది మా యాంకర్లే. నేనూ ఆగలేదు. "వినపడట్లేదు, ఇంకా గట్టిగా" అన్నాను.

ముందు వరసలో అమ్మ కళ్లు తుడుచుకోవడం ఆపి, చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టింది. కెమెరా తనవైపు తిరగ్గానే నవ్వింది కూడా.

నాకింకా ఏడుపు రాలేదక్కా. నోరు తెరిస్తే ఏం వస్తుందోనని భయంగా ఉంది.

నీ తమ్ముడు