రెఫరెన్స్‌గా నా పేరు

జూన్ 9, సోమవారం
ప్రవీణ్ ఫోన్. ఇన్నేళ్ల తర్వాత! ఉద్యోగం పోయిందట. కొత్త కంపెనీలో ఇంటర్వ్యూ అయింది, పాత టీంలో ఒకరి రెఫరెన్స్ అడిగారట... "నీ పేరే ఇచ్చాను సుజాతా. వాళ్ల హెచ్‌ఆర్ వచ్చే సోమవారం ఫోన్ చేస్తారు. నాలుగు మంచి మాటలు చెప్పు."
సరేనన్నాను.

జూన్ 10
ప్రవీణ్ నా పాత మేనేజర్. కస్టమర్ల డేటా చెరిపేసింది అతనే, నా కళ్ల ముందే. క్లయింట్ కాల్‌లో మాత్రం తాపీగా, "సుజాత మిస్టేక్ అండి." ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ లాక్కున్నారు. సెక్యూరిటీ అతను గేటు దాకా వెంట వచ్చాడు. షేర్ ఆటోలో నిజాంపేట దాకా ఏడ్చాను. పక్కనున్నామె జరిగి చోటిచ్చింది.
అమ్మ ఫోన్‌లో: "వాడి కర్మ వాడే అనుభవిస్తాడులేవే. నువ్వు ముందు అన్నం తిను."
తిన్నాను. వాడికి ప్రమోషన్ వచ్చింది.

జూన్ 11
పైన ఎవరూ లెక్క చూడటం లేదు. చేసిన పని, పడినవాళ్లకు గుర్తుంటుంది... అంతే. వాళ్లూ మరిచిపోతే ఇక అది లేనట్టే. నేను మరిచిపోలేదు. అంటే వాడి కర్మను నేనే.
రాస్తుంటే ఎంత హాయిగా ఉందో!

జూన్ 12
లంచ్‌లో శ్రావణికి చెప్పాను. నా పక్క సీటే. తింటున్నదల్లా ఆగింది. "గంత జేసినోడు మళ్ల నీ పేరే ఎట్ల ఇచ్చిండే?"
అవును... ఎలా ఇచ్చాడు?

జూన్ 13
ప్రవీణ్‌కి నేనే ఫోన్ చేశాను. ఆ రోజు కాల్‌లో నా పేరెందుకు చెప్పారు?
"ఏ కాల్? నువ్వు వేరే ఆఫర్ వచ్చి మానేశావు కదా?"
నటన కాదు. అబద్ధమాడేటప్పుడు ఆ గొంతు ఇంకా తియ్యగా ఉంటుంది. నిజంగానే గుర్తు లేదు. ఒళ్లు మండిపోయింది. ఏమీ లేదని పెట్టేశాను.

జూన్ 14
నేను వద్దని చెబితే ఉద్యోగం రాదు. ఎందుకు రాలేదో వాడికి తెలియదు. నేను కొట్టిన దెబ్బకి "నా ఖర్మ" అనుకుని పడుకుంటాడు. కుదరదు. నా పేరు తెలియాలి.

జూన్ 16, సోమవారం
పొద్దున్నే వాట్సాప్‌లో మొత్తం రాసి పంపాను. డేటా, కాల్, గేటు. నీలం టిక్కులు పడ్డాయి. టైపింగ్... ఆగింది. మళ్లీ టైపింగ్...
సారీ అంటాడేమోనని భయంగా ఉంది.
హెచ్‌ఆర్ ఫోన్ మోగుతోంది.