రోము వచ్చినా అందని పుడ్డింగు

లండన్, 1952 అక్టోబరు

భోజన విభాగం అధికారి థార్న్‌బరీ గారికి,

అయ్యా, నిన్న మన కొత్త జెట్ విమానం రోములో దిగినా కర్నల్ ప్రిడో గారు ఎందుకు దిగలేదో తమరు సంజాయిషీ అడిగారు. తప్పు నాదే. కొంత విమానానిది కూడా.

ఆరేళ్ళపాటు పంకాలతో ఎగిరే పాత విమానాల్లో వడ్డించాను. గడియారం ఎన్నడూ చూడలేదు, కిటికీలోంచి చూసేవాణ్ణి. సముద్రం దాటుతుంటే సూపు, పారిస్ కనబడితే చేప, మంచుకొండలొస్తే మాంసం, ఇటలీ తీరం రాగానే ఆఖర్న తీపి పుడ్డింగు. ఈ జెట్‌లో సూపు పోసి తలెత్తేసరికి కింద మంచుకొండలు. అలవాటు కొద్దీ మాంసం పెట్టేశాను.

"చేప ఏదయ్యా?" అన్నారు కర్నల్ గారు.

"పారిస్‌తో పాటే వెనకబడిపోయిందండీ."

"అయితే విమానం వెనక్కి తిప్పమను."

చేప తెచ్చేలోగా రోములో దిగిపోయాం. తలుపు తీసినా ఆయన మెడలో రుమాలు తియ్యలేదు. "పుడ్డింగు తినకుండా బల్ల దగ్గర్నుంచి లేచినవాడు మా వంశంలో లేడు" అన్నారు. అది వేడెక్కేలోగా లండన్ వెళ్ళే ప్రయాణికులు ఎక్కేశారు. ఆయన వాళ్ళతోనే తిరిగొచ్చేశారు. పుడ్డింగు మాత్రం బావుందన్నారు.

మిగతావాళ్ళ ఒళ్ళో పడ్డ సూపు సంగతి తమరు అడగలేదు గనక రాయడం లేదు.

కర్నల్ గారి భార్య రోములో ఇంకా ఎదురుచూస్తున్నారట. అందుకని ఆయన రేపు మళ్ళీ మన జెట్‌లోనే బయల్దేరుతున్నారు. ఈసారి ఆయనకి ముందు పుడ్డింగే పెట్టడానికి అనుమతి ఇప్పించగలరు.

ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాననుకుంటున్న
తమ స్టూవర్డు