మా బడికి ఇచ్చిన మెప్పును రద్దు చేయండి

పాఠశాలల ప్రత్యేక తనిఖీ అధికారి గారికి,
వికారాబాద్.

అయ్యా,

విషయం: మా బడికి తమరు దయచేసిన ‘ఉత్తమ పాఠశాల’ అనే మెప్పును రద్దు చేయుట గురించి.

తాండూరు దగ్గరి బొంతలకుంట ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్న నవనీత విన్నవించుకొనునది:

1. గత నెలలో తమరు మా బడిని తనిఖీ చేసి మిక్కిలి సంతోషించియున్నారు. తమరు కన్ను ఆనించి చూసిన మైక్రోస్కోపు, చేత్తో తట్టిన రెండు కంప్యూటర్లు మావి కావు. మా హెడ్‌మాస్టరు గారి బామ్మర్ది తాండూరులో నడిపే ప్రైవేటు బడి నుంచి ఆ పొద్దున ట్రాలీ ఆటోలో వచ్చాయి. సాయంత్రం అదే ఆటోలో వెళ్లిపోయాయి. తమరు మెచ్చిన లెక్కల సారు కూడా అందులోనే వచ్చారు, కంప్యూటర్లు పడిపోకుండా రెండు చేతులా పట్టుకొని.

2. రెండేళ్లుగా మాకు లెక్కల ఉపాధ్యాయుడు లేరు. హెడ్‌మాస్టరు బాలస్వామి గారు ఆ పీరియడ్‌లో మా తరగతికి వచ్చి, తనకు లెక్కలు రావని నిజాయితీగా ఒప్పుకొని, తెలుగే చెబుతున్నారు. ఈ అర్జీలోని భాష తమకు నచ్చినట్లయితే, అది లెక్కలు లేకపోవడం వల్ల కలిగిన లాభముగా పరిగణించగలరు.

3. తమరు వెనక బెంచీలో కూర్చొని ఉండగా ఆటోలో వచ్చిన సారు త్రికోణమితి మొదలుపెట్టారు. నాకు నిజంగానే అర్థమైంది. గంట కొట్టగానే ఆయన అలవాటు కొద్దీ “మిగతాది రేపు” అన్నారు. మేమెవ్వరమూ నవ్వలేదు.

4. తమ మెప్పు ఫలితంగా, మాకు రావలసిన లెక్కల పోస్టు ‘అవసరం ఎక్కువగా ఉన్న’ మరొక బడికి తరలిపోయింది. ఇక్కడ బోధన సంతృప్తికరముగా ఉన్నదని ఉత్తర్వు. సంతృప్తికరం చాలా అందమైన మాట. ఎవరికి సంతృప్తో మాత్రం అందులో వ్రాయలేదు. ఆ ఉత్తర్వు మాకు చదివి వినిపించి, హెడ్‌మాస్టరు గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆయనను శిక్షించవద్దని మనవి. ఏమీ లేని బడి అని తెలిస్తే మూసేస్తారేమోనని భయపడ్డారు, అంతే.

5. మేము గొర్రెల కాపరులం. ఈ సంగతి ఇంట్లో చెబితే మా నాన్న బీరప్ప ఏమీ ఆశ్చర్యపోలేదు. “నా పెండ్లప్పుడు గిట్లనే. పిల్లనిచ్చెటోళ్లు చూడొస్తుండ్రంటే మా మేనమామ మందను గూడ మా దొడ్లకే తోలినం. గన్ని గొర్లను చూసి మీ తాత మస్తు ఖుషీ అయిండు,” అన్నాడు.

మా అమ్మ బుగ్గమ్మ పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ, “నేనొచ్చి చూస్తే దొడ్డి సగం ఖాళీ. గొర్లను వాపస్ తోలిన్రు గని నన్ను తోలలే,” అంది.

నాన్న నవ్వాడు. వెంటనే మానేశాడు కూడా. మా అన్న మల్లేశ్వర్ నిరుడు లెక్కల్లోనే తప్పి, ఇప్పుడు తాండూరులో నాపరాళ్లు మోస్తున్నాడు.

“నువ్వు గూడ తప్పితే ఇగ బడి సాలు బిడ్డా. మందెంట వద్దువు,” అన్నాడు నాన్న.

గొర్రెల మీద నాకు ఎటువంటి ఫిర్యాదు లేదు. అయితే వాటికి మాటలు రావు. నాకు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి.

కావున తమరు దయయుంచి మా బడి ఉత్తమమైనది కాదని తిరిగి వ్రాసి (అధమమని వ్రాసినా మాకు అభ్యంతరము లేదు), సాయంత్రం ఆటో ఎక్కి వెళ్లిపోని ఒక లెక్కల ఉపాధ్యాయుణ్ణి పరీక్షలు దగ్గరపడక ముందే నియమించవలసినదిగా కోరుచు, ఈ మొరను చిత్తగించవలెనని ప్రార్థించుచున్నాను.

తమ విధేయురాలు,
నవనీత
పదో తరగతి

తా.క.: తమరు ఈ పదవికి రాకముందు లెక్కల మాస్టారట కదా, సార్. మా అమ్మకు చదవడం రాదు కాబట్టి ఈ అర్జీ చదివి వినిపించి, ఆ మాట కూడా చెప్పాను. “గింత రాసుడెందుకు? సంతకాలు ఎవలన్న వెడ్తరు. లెక్కలు వచ్చినాయన్ను ఆఫీసుల కూసోవెట్టిన్రేంది? ఆయన్నే రమ్మను,” అంది. మా లెక్కల పీరియడ్ పదకొండింటికి. ఏ రోజు వచ్చినా లెక్కల సారు చోటు ఖాళీయే.