గంట గోపురం బీటకు అతికిన గాజు

అబ్బాయీ, గంట తాడు లాగి లాగి వచ్చిన ఆ భుజం నొప్పి తగ్గిందా? కోడలా, నీ దగ్గు ఎలా ఉంది? మేస్త్రీ మరిదిగారూ, కళ్లలో చుక్కలు మానకుండా వేసుకుంటున్నారా? ఫాదరుగారి బీపీ అదుపులోనే ఉందనుకుంటాను. నాకు జ్వరం తగ్గింది, భయమే తగ్గలేదు.

ముప్పైతొమ్మిదేళ్లుగా చర్చి ఊడుస్తున్న నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నాకొచ్చిన నాలుగు అక్షరాలతో రాస్తున్న వీలునామా ఇది. అమలు జరపవలసినవారు ఫాదరుగారు. నేను పోయేదాకా ఆగకుండా ఈరోజే చదవాలి.

1. నా కుట్టుమిషను కోడలికి చెందును. కొత్తలో నా కూర నోట పెట్టలేమని పదిమందిలో అన్నావు, మరిచిపోలేదు. అయినా మిషను నీదే. కిర్రుమంటే నూనె వెయ్యి, తన్నకు.

2. గోపురం పాత బావిని పూడ్చి కట్టింది. ఆ మట్టి మోసినవాళ్లలో మా మామగారు ఒకరు. గోడ బీటవారిన ఏడాది మరిదిగారు బీటకు అడ్డంగా గాజు ముక్క అతికించారు. గోడ కదిలితే గాజు పగులుతుందట. ఏటా వచ్చి చూసి, "గాజు నిక్షేపంలా ఉంది వదినా, గోడకి ఢోకా లేదు" అని వెళ్లేవారు.

3. ఆ గాజు నాలుగుసార్లు పగిలింది. నా చీపురు కర్ర తగిలిందనుకున్నాను. పని పోతుందని భయపడి, మా పెళ్లి ఫోటో అద్దం కోసి, ఎవరూ చూడకుండా కొత్తది అతికిస్తూ వచ్చాను. మొన్న పదిరోజులు మంచం దిగలేదు, చీపురు ముట్టలేదు. లేచి వెళ్లి చూస్తే గాజు రెండు ముక్కలై ఉంది. బీటలో నా చిటికెన వేలు పట్టింది.

4. పగిలిన ముక్కలన్నీ, ఏది ఏ ఏడాదిదో రాసి, బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. అవి మరిదిగారికి చెందును. తిట్టండి, పడతాను.

5. అబ్బాయీ, గంట వేలాడేది సరిగ్గా నీ నెత్తిమీద. చెబితే నవ్వేస్తావని తాడు విప్పి తెచ్చి నా మంచం కింద పెట్టాను. అది నీకు రాసివ్వను. ఆదివారం పూజ గంట లేకుండానే జరగాలి, జనం గోపురం కింది తలుపు వదిలి వెనక తలుపులోంచి రావాలి. ఎవరూ గంట కొట్టకపోయినా నిన్న మధ్యాహ్నం బీటలోంచి ఇసుక రాలుతూనే ఉంది.

మార్చి పద్నాలుగు, శుక్రవారం.
సంతకం: చర్చి ఊడ్చే అవ్వ
సాక్షులు: ఎదురింటి దర్జీ, పాలావిడ

మరిదిగారు గోడ చూడటానికి వస్తానన్నది: మార్చి పదిహేడు, సోమవారం.