గానుగ కారుతూనే ఉంది

బీర్ తూమీ, నవంబరు 3

స్ఫాక్స్‌లో ఆయిల్ సీళ్ళమ్మే బూబకర్ గారికి, ఆలివ్ గానుగ ఖమీస్ సలాము చేసి రాసేది.

మీరు కులాసా అని తలుస్తాను. నేను కులాసాగా లేను. కారణం మీరే. మీ సీలు వేసిన మూడోనాటికే, గేర్ల పెట్టెలోంచి షాఫ్టు బయటికొచ్చే చోట నూనె కారుతోంది. ఊరంతా ఆలివ్ కాయల బస్తాలతో వాకిట్లో కూర్చుంది. ఆ నల్ల నూనె బొట్టు వాళ్ళ నూనెలో పడిందంటే నా గడప ఇంకెవరూ తొక్కరు. మంచి సీలు పంపండి.

ఇట్లు, ఖమీస్

తా.క.: ఊళ్ళో మిమ్మల్ని ఏమంటున్నారో రాయడం లేదు. తపాలా ఉద్యోగి మా చుట్టమే, ఉత్తరాలు చదువుతాడు.

స్ఫాక్స్, నవంబరు 8

ఖమీస్ గారికి బూబకర్ సలాములు.

సీలు మంచిదే. మీరు తిరగేసి వేసి ఉంటారు. లోపలి అంచున సన్నటి రబ్బరు పెదవి ఉంటుంది. చిన్న స్ప్రింగు దాన్ని తిరిగే షాఫ్టుకు అదిమి పడుతుంది. ఆ పెదవి నూనె వైపు చూడాలి. అప్పుడు నూనె దాని కింద పలచటి పొరలా నిలిచి తడుపుతుందే గానీ బయటికి రాదు. ఇంకొకటి పంపుతున్నాను. పెదవి లోపలికి.

మీ బూబకర్

తా.క.: ముందు పెదవికి కాస్త నూనె రాయండి. పొడిగా తిప్పితే కాలిపోతుంది.

బీర్ తూమీ, నవంబరు 14

బూబకర్‌కు,

"పెదవి లోపలికి" అంటూ నోరు మూసుకోమని ఇంత మర్యాదగా రాసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. మా చుట్టం నీ ఉత్తరం కాఫీ కొట్లో చదివాడు. ఇప్పుడు కనబడ్డ ప్రతివాడూ "ఖమీస్, పెదవికి నూనె రాసుకున్నావా?" అంటున్నాడు. ముప్పై ఏళ్ళుగా సీళ్ళు వేస్తున్నవాణ్ణి, సరిగ్గానే వేశాను. రెండోనాటికే కారింది. నీ రబ్బరు పాత చెప్పులది.

ఖమీస్

తా.క.: కింద రెండు డబ్బాలు పెట్టాను. మూడోది మా ఆవిడ ఇవ్వనంటోంది. అది హరీసా కారం డబ్బా.

స్ఫాక్స్, నవంబరు 19

గానుగ యజమాని గారికి,

మా వంశంలో చెప్పులమ్మినవాళ్ళు లేరు. రెండు సీళ్ళూ నిలవలేదంటే తప్పు షాఫ్టుది. పెదవి ఆనే చోట గోటితో గీకి చూడండి. గోరు తట్టుకుంటే గాడి పడినట్టే. ఏళ్ళ తరబడి ఒకేచోట ఒరుసుకుంటే రబ్బరు కింద ఇనుమైనా అరుగుతుంది. గాడి మీద ఏ సీలూ నిలవదు. ఆ షాఫ్టు పారేసి కొత్తది చేయించండి.

బూబకర్

తా.క.: దాన్ని చేసినవాడెవడో మెత్తటి ఇనుము పెట్టాడు. వెళ్ళి వాణ్ణి తిట్టండి.

బీర్ తూమీ, నవంబరు 24

బూబకర్ గారికి,

గోరు తట్టుకుంది. మీకు మొదటి ఉత్తరం రాయకముందే తట్టుకుంది.

ఆ షాఫ్టు చేసింది మా తమ్ముడు లారూసీ. పోయిన చలికాలం చనిపోయాడు. ఏడేళ్ళ కిందటే మాకు మాటలు ఆగిపోయాయి. వాడి లేతు మిషను పని వడ్రంగి పనిలా ఉందని పదిమందిలో అన్నాను. వాడు చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ గానుగలోకి రాలేదు. ఇక్కడ వాడి చేతి పని ఇదొక్కటే మిగిలింది. తప్పు సీలుదేనని మీరొక్కసారి అంటారేమోనని రాశాను.

ఖమీస్

తా.క.: చెప్పుల మాట వెనక్కి తీసుకుంటున్నాను.

స్ఫాక్స్, నవంబరు 28

ఖమీసన్నా,

తెలియక అన్నాను, మన్నించు. షాఫ్టు తీయకు. సన్నటి రింగు పంపుతున్నాను, దాన్ని సీలు వెనక పెట్టు. పెదవి గాడి పక్కకి జరిగి అరగని చోట ఆనుతుంది. ఈ కోతలు గడిచేదాకా నిలుస్తుంది.

నీ బూబకర్

తా.క.: కారం డబ్బా వదిననే ఉంచుకోమను.

బీర్ తూమీ, డిసెంబరు 5

తమ్ముడూ బూబకర్,

రింగు వెంట్రుకవాసి పెద్దదైంది. అరగదీయడానికి ఆకురాయి కోసం ఏడేళ్ళ తర్వాత లారూసీ ఇంటికెళ్ళాను. వాడి భార్య మబ్రూకా ఎందుకని అడిగింది. చెప్పాను. లేతు కిందినుంచి గ్రీజు పూసిన గోనె మూట లాగి నా ముందు పెట్టింది. లోపల కొత్త షాఫ్టు. గట్టి ఉక్కు.

"పాతదాని ఇనుము మెత్తన, గాడి పడుతుంది, అన్న అప్పుడు వస్తాడని చేసి పెట్టాడు బావగారూ," అంది. "ప్రతి కోతలకీ గానుగ కారుతోందటా అని నన్నడిగేవాడు."

కారడం మూడేళ్ళ కిందటే మొదలైంది. వాడి గుమ్మం ఎక్కాల్సి వస్తుందని ఎవరికీ చెప్పలేదు. అప్పుడే వెళ్ళి ఉంటే ఈ మూట వాడి చేత్తోనే అందుకునేవాణ్ణి.

షాఫ్టు బిగించాను. బొట్టు కారలేదు.

ఖమీస్

తా.క.: కొత్త నూనె మొదటి కుండ మబ్రూకాకి తీసుకెళ్ళాను. ఏమనాలో తోచక "కారడం లేదమ్మా" అన్నాను. "నాతో ఎందుకు, ఆయనతో చెప్పండి" అంది. రేపు శుక్రవారం. సమాధి దగ్గరికి వెళ్తాను.