ఆదివారం హుస్నాబాద్ పోను

శ్యాంసుందర్ బావకు,

నువ్వు ఫోన్ ఎత్తుతలేవు. అందుకే గీ ఉత్తరం మా అక్క చేతికిచ్చి పంపుతున్న.

పోయిన ఆదివారం మన శ్రీరాంపూర్ హాకీ టీం ఒక్క గోల్ గూడ కొట్టకుంట మంచిర్యాలోళ్లతోని ఎనిమిది తిని ఓడింది. నేను ముందు వరుసల కూసొని గొంతు పోయేదాక అరిచిన. బుధవారం వాళ్లతోనే రెండో మ్యాచ్ ఉన్నదనంగ పొద్దుగాలనే నువ్వొచ్చి, "హుస్నాబాద్‌ల మా మేనత్తకు పానం బాగలేదు, జర చూసి రా" అన్నవ్. మూడు బస్సులు మారి పోయిన. ఆమె మిరపచేన్ల కలుపు తీస్తున్నది! నన్ను చూసి ఆమెనే పరేషాన్ అయింది.

గక్కడ ఉండంగనే మన దోస్తు సంపత్ ఫోన్ చేసిండు. మూడు గోల్స్ వెనుక పడ్డంక మనోళ్లు నాలుగు కొట్టి గెలిచిన్రట. మస్తు సంబురపడ్డ. కానీ తెల్లారి చాయ్ హోటల్‌కు పోతే, నన్ను చూసి అందరు నవ్వుడు ఆపిన్రు. సంపత్ నాకు చాయ్ తాగిపిచ్చి, "అన్నా, ఆదివారం యాడికన్న పోతున్నవా?" అని అడిగిండు. ఇరవై ఏండ్లల్ల వాడు నాకు ఎన్నడు చాయ్ తాగిపియ్యలే.

ఇయ్యాల అక్క వచ్చి, ఆదివారం మల్ల అత్తకు మందులు ఇచ్చి రమ్మన్నవని చెప్పింది. గదే మంచిర్యాలోళ్లతోని ఆఖరి మ్యాచ్. గెలిచినోళ్లే ఫైనల్‌కు పోతరు. నా పాదం మంచిది కాదని మీరంత అనుకుంటున్రు గదా? నిజం చెప్పు.

మందులు నువ్వే ఇచ్చి రా. నేను మ్యాచ్‌కు వస్త. ఫికర్ చెయ్యకు, మీ దిక్కు కూసోను. మంచిర్యాలోళ్ల నడుమ కూసొని, వాళ్లకే గొంతు పోయేదాక అరుస్త.

నీ బామ్మర్ది