మాస్టారూ, అని పెట్టి చదివాను

అక్కయ్యకు నమస్కారం. నేను క్షేమం. నీ మోకాలు, బావగారి దగ్గు కాస్త నెమ్మదించాయని అనుకుంటున్నాను.

నీ మరదలి చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. పొద్దున జ్వరం లేదు. కిటికీ తీయించుకుని సగం గ్లాసు పాలు తాగింది. మధ్యాహ్నం దేవుడి గ్రంథం చదవమంది. ఒక వాక్యం చదివి, దాని మీద పండితుల అభిప్రాయభేదాలు చెప్పడం మొదలుపెట్టాను. "పాఠం చాలు మాస్టారూ, చదవండి" అంది. చదివాను. నిద్రపోయింది. సాయంత్రానికి పోయింది. అంతే.

తిండి సంగతికి జవాబు: వండుకుంటున్నాను. అన్నం ఒకరోజు జావ, ఒకరోజు పలుకు. సగం పొరుగింటి కుక్కకు వేస్తున్నాను. అది ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు.

నీ మరదలితో కలిసి పొద్దున్నే గ్రంథం చదువుకునే జట్టు వస్తోందా అన్నావు. రావడం లేదు. నేనే తలుపు తీయలేదు. వాళ్ళ పద్ధతి నీకు తెలుసుగా, గ్రంథంలో 'నీవు' అన్నచోటల్లా ఎదుటివాళ్ళ పేరు పెట్టి చదవడం. తర్కశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి కదా, పక్కగదిలోంచి నవ్వేవాణ్ణి. గ్రంథాన్నే దిద్దుతున్నావా అని నేనంటే, "దేవుడికి మన పేర్లు తెలియవేమిటి?" అనేది నీ మరదలు.

మొన్న ఆ జట్టులోని దర్జీ ఆవిడ కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

"అన్నయ్యగారూ, మమ్మల్ని రానిస్తారా, వేరే ఇల్లు చూసుకోమంటారా?"

"నాకు మీలా చదవడం రాదమ్మా."

"తెలుసులెండి. అంత చదివాక కష్టమే. ఆవిడ చదివే ముందుగది మూగబోయిందని అడిగాను."

ఇక అసలు సంగతి. బావగారికి చెప్పకు, ఏడిపిస్తారు. నిన్న ఆమె బట్టలు సర్దబోయాను. చెయ్యి ఆడలేదు. గ్రంథం తీశాను. ఒంటరివాడితో 'నీవు ఒంటరివి కావు, నిన్ను విడిచిపెట్టను' అని దేవుడు చెప్పే చోటు. దాని మీద వ్యాసం కూడా రాసి ఉన్నాను. ఈసారి పేరు పెట్టి పైకి చదివాను. 'మాస్టారూ' అనే పెట్టాను, ఆమె పిలిచినట్టు. ఆ మాట అన్నదెవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో, అన్నీ ఆ వ్యాసంలో రాశానక్కా. నాతో అంటున్నాడని మాత్రం నిన్నటిదాకా తోచలేదు.

తర్వాత ఆకలేసింది. అన్నం కూడా కుదిరింది. దాన్ని మహిమ కింద రాయడం లేదు, గమనించు. కుక్కకు మాత్రం ఏమీ మిగల్లేదు.

రేపు పొద్దున ముందుగది ఊడ్చి, కుర్చీలు వేసి, తలుపు బార్లా తీస్తాను. మొదటి వాక్యం దర్జీ ఆవిడ పేరు పెట్టి నేనే చదువుతాను.

ఇట్లు,
తర్కం కాస్త తగ్గిన
నీ తమ్ముడు